ముందు కాలువ, తర్వాత తారు: సాలూరు ఘాట్ రోడ్డు గురించి జాతీయ రహదారుల అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల జాతీయ రహదారుల విభాగాల ఇంజనీరు గార్లకు, ఉమ్మడి విజయనగరం జిల్లా ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

సాలూరు నుంచి పి.కోనవలస, సుంకి మీదుగా పొట్టంగి, కోరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి గురించి ఈ ఉత్తరం. రాస్తున్నవాళ్లం ఆ ఘాట్‌లో లారీలు నడిపినవాళ్లం, సాలూరు షెడ్లలో ఆ లారీలకు బ్రేకులు చేసినవాళ్లం, రోడ్డు పనుల్లో మేస్త్రీలుగా, ఇంజనీర్లుగా చేసి రిటైరైనవాళ్లం. అందరం కలిసి అడిగేది ఒక్కటే. రాయపూర్–విశాఖ కొత్త రోడ్డు వస్తోంది కదా అని పాత ఘాట్ రోడ్డు నిర్వహణను తగ్గించవద్దు. నిర్వహణ అంటే రెండు మూడేళ్ళకోసారి పైన ఇంకో పొర తారు పరిచి బిల్లు చేసుకోవడం కాదని, కొండ నీళ్ళు పోయే దారిని బాగుచేయడమని గుర్తించి, పని ఆ వరసలో పెట్టండి.

కొత్త రోడ్డు మాకూ కావాలి. 595 కిలోమీటర్ల దూరం సుమారు 464కి తగ్గుతుంది. ఆరు వరుసలు, కొండల్లో జంట సొరంగాలు. 2022 నవంబరు 12న విశాఖలో ప్రధాని మన రాష్ట్రంలోని 100 కిలోమీటర్ల భాగానికి శంకుస్థాపన చేసినప్పుడు సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ అది ప్రవేశ నియంత్రణ ఉన్న రోడ్డు. ఎక్కి దిగడానికి ప్రత్యేకంగా కట్టిన కూడలి (ఇంటర్‌చేంజి) ఉన్న చోట తప్ప దాని మీదికి ఎక్కడానికి లేదు. ఇలాంటి రోడ్ల మీదికి సాధారణంగా బైకులను, ఆటోలను, ట్రాక్టర్లను రానివ్వరు. పాచిపెంట మండలంలోని గిరిజన గ్రామాలవాళ్ళు సాలూరు సంతకు దిగాలన్నా, సుంకి, పొట్టంగి వైపు నుంచి జబ్బుపడినవాళ్ళను విజయనగరం ఆసుపత్రికి తేవాలన్నా, పల్లెవెలుగు బస్సు నడవాలన్నా ఈ పాత రోడ్డే గతి. పొడవైన సొరంగాల్లో పెట్రోలు ట్యాంకర్లకు, పేలుడు పదార్థాల బళ్ళకు ఆంక్షలు పెట్టడం చాలా చోట్ల ఉన్నదే. అలాంటి ఆంక్ష ఇక్కడా పెడితే అన్నిటికంటే ప్రమాదకరమైన సరుకు అన్నిటికంటే ఇరుకైన దారికి వస్తుంది. ఆ విషయం ఇప్పుడే తేల్చి, ఆ బళ్ళు ఏ వేళల్లో, ఎలా ఘాట్ దాటాలో ముందే చెప్పాలి.

ఈ దారి చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఇవాళ్టి చిక్కుల్లో కొన్ని అక్కడే మొదలయ్యాయి. రోడ్డు లేని కాలంలో సముద్రతీరపు ఉప్పు పెరిక ఎద్దుల మీద కొండెక్కేది, ఇప్పటి ఒడిశాలోని జయపురం పీఠభూమి నుంచి ధాన్యం, నూనెగింజలు దిగేవి. ఎద్దు ఎక్కగలిగిన చోటల్లా దారి పడింది. 1863లో జయపురం సంస్థానంలో ఇంగ్లీషువాళ్ళు నేరుగా తమ అధికారులను నియమించాక, ఆ శతాబ్దం రెండో సగంలో ఎద్దుల దారి బండ్ల దారి అయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి కోరాపుట్ అటు చేరేదాకా కొండ అడుగు నుంచి శిఖరం దాకా అంతా విశాఖపట్నం జిల్లాయే. ఆ రోజుతో ఒకే ఘాట్ రెండు ప్రభుత్వాల కిందికి వచ్చింది. తర్వాత ఇది రాయపూర్ నుంచి విజయనగరం మీదుగా నాతవలస చేరే 43వ నంబరు జాతీయ రహదారి అయింది. 2010 నాటి కొత్త నంబర్లలో 26 అయింది. 2022 ఏప్రిల్ 4న సాలూరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు మారింది.

నంబరు మారితే రోడ్డుకు పోయేదేమీ లేదు. సరిహద్దు గీతలు మారినప్పుడు మాత్రం పోతుంది. ఒడిశా వైపు పడ్డ వాన గెడ్డల్లో (కొండవాగుల్లో) పడి మన వైపు కల్వర్టుల్లోకి దిగుతుంది. పైన ఒక తూము పూడితే ఆ నీళ్ళు రోడ్డెక్కి, కింద ఇంకో రాష్ట్రం పరిధిలో గోడను పడగొడతాయి. పైవాళ్ళు తమ కిలోమీటర్లు తాము చూసుకుంటారు, కిందివాళ్ళు తమవి. అందుకే మొట్టమొదటి కోరిక: ఏటా మే నెలలో ఒకసారి, అక్టోబరు తుపాన్లకు ముందు ఇంకోసారి, రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి సాలూరు నుంచి పొట్టంగి దాకా ఘాట్‌ను నడిచి చూడాలి. జీపులో కూర్చుంటే కాలువ అడుగు కనబడదు.

ఇక కొండ సంగతి. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. గట్టిగానే కనిపిస్తుంది గానీ పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య నీళ్ళు దిగితే లోపల మెత్తబడి, ఎర్రమట్టిగా, కొన్నిచోట్ల తెల్లటి సుద్దగా మారుతుంది. ఆ పొరలు రోడ్డు వైపు వాలి ఉన్న చోట రోడ్డు కోసం అడుగున కోస్తే, పైనున్న పలకలకు ఆసరా పోతుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. రెండు మూడు రోజులు ముసురు పట్టాక, వాన తెరిపిచ్చిన మర్నాడు పలక జారుతుంది. పొరలు కొండ లోపలికి వాలి ఉన్న చోట అదే రాయి నిటారుగా కోసినా నిలబడుతుంది. కాబట్టి ఘాట్ అంతటా ఒకే వాలులో కోయడం, ఒకే రకం గోడ కట్టడం దండగ ఖర్చు. ఏ మలుపు దగ్గర పొరలు ఎటు వాలాయో ఒక భూగర్భ శాస్త్రవేత్త కొన్నాళ్ళు తిరిగి పటం గీస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ అక్కర్లేదో తేలిపోతుంది. కొండచరియ విరిగిన ప్రతిసారీ పోడు వ్యవసాయం వల్లే అనడం ఒకటి అలవాటైంది. చాలా చోట్ల జారుడు మొదలయ్యేది పోడు చేసిన శిఖరం దగ్గర కాదు, రోడ్డు కోసిన అడుగు దగ్గర. వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

నీటి లెక్క చూడండి. గంటకు 100 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారు కొండవాలు మీద పడితే గంటకు 1000 ఘనమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 277 లీటర్లు. అందులో అయిదో వంతు నేల తాగేసినా, మిగిలిన 220 లీటర్లు సెకను సెకనుకూ రోడ్డు పక్క కాలువలోకి దూకుతాయి. ఒక్కో కల్వర్టుకు ఇలాంటి హెక్టార్లు ఎన్నో. నీళ్ళు ఉత్తగా రావు. ఎర్రమట్టి, ఆకులు, కొమ్మలు, తలకాయంత రాళ్ళు మోసుకొస్తాయి. సన్నటి పైపు వేసిన చోట మొదటి పెద్ద వానకే నోటికి ఒక కొమ్మ అడ్డం పడుతుంది, దాని వెనక ఆకులు, వాటి వెనక మట్టి. అరగంటలో పైపు మూసుకుపోతుంది. నీళ్ళు రోడ్డు మీంచి పొర్లి, లోయ వైపు అంచును కోయడం మొదలుపెడతాయి. తెల్లారేసరికి రోడ్డు సగం ఉండదు.

దీనికి చేయాల్సింది కొత్తదేమీ కాదు. పాత పీడబ్ల్యూడీ మేస్త్రీలు ఎరిగిన పనే. కోత పైన, కొండ మీద, అంచుకు కొన్ని మీటర్లు ఎడంగా ఒక అడ్డకాలువ ఉండాలి. పైనీళ్ళు కోత ముఖం మీద పడకుండా దాన్ని పక్క గెడ్డలోకి మళ్ళించాలి. ఆ కాలువకు అడుగున సిమెంటు గాని, రాతి పరుపు గాని తప్పనిసరి. ఉత్త మట్టి కాలువ తవ్వితే అది నీళ్ళను కొండలోకే ఇంకించి, మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. అలాంటిది తవ్వేకంటే తవ్వకపోవడం నయం. రోడ్డు పక్క కాలువ కూడా సిమెంటుదే కావాలి. కల్వర్టు నోటి ముందు మట్టి దిగబడడానికి ఒక గుంట, కొమ్మలు ఆపడానికి ఇనుప కడ్డీల జల్లెడ ఉండాలి. పైపు వేస్తే 1.2 మీటర్లకు తక్కువ వేయవద్దు. మనిషి లోపలికి దూరి తట్టతో మట్టి తీయగలగాలి. కల్వర్టు అవతలి మొనను గాలిలో వదిలేయకూడదు. నీళ్ళు దూకే చోట వైరు బుట్టల్లో రాళ్ళు నింపి మెట్లు మెట్లుగా కింది గెడ్డ దాకా దించాలి. లేకపోతే కల్వర్టు బాగానే ఉంటుంది, దాని కింది కొండ పోతుంది.

తర్వాత గోడలు. లోయ వైపు, రోడ్డు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడల్లో వరసగా చిల్లులు ఉంటాయి. లోపలి నీళ్ళు బయటికి రావడానికి పెట్టిన ఆ చిల్లులు, వెనక సరైన రాతి పొర వేయకపోతే, రెండు మూడు వానాకాలాలకే మట్టితో మూసుకుపోతాయి. నాలుగు మీటర్ల గోడ వెనక నీళ్ళు పై దాకా నిండితే, గోడ ప్రతి మీటరు పొడవు మీదా దాదాపు ఎనిమిది టన్నుల తోపు పడుతుంది. ఇది నీటి తోపు మాత్రమే, మట్టిది వేరు. గోడ కట్టడానికి వేసిన లెక్కలో ఆ ఎనిమిది టన్నులు లేవు, ఎందుకంటే చిల్లులు పనిచేస్తాయని ఇంజనీరు నమ్మాడు. గోడ వెనక కనీసం అర మీటరు మందాన చేత్తో పేర్చిన రాళ్ళు, వాటికీ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట, చిల్లులు బయటికి వాలుగా ఉండాలి. టెండరులో ఇవన్నీ ఉంటాయి. కట్టేటప్పుడు తవ్విన మట్టినే వెనక పోసి కప్పేస్తే మీకు పైనుంచి తెలియదు. అందుకని గోడ ప్రతి మీటరు లేచినప్పుడు ఫొటో తీసి, కొలత పుస్తకానికి జత చేయాలని షరతు పెట్టండి. ఇప్పుడున్న గోడలను చూడడం ఇంకా సులువు. పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్ళి, ఏ చిల్లు కారుతోందో ఏది పొడిగా ఉందో చూడండి. పొడిగా ఉన్న చిల్లులే భయపెట్టేవి.

తారు పొర మీద పొర వేయడం గురించి ఒక మాట. పాత పొరను గీకకుండా 40 మిల్లీమీటర్ల పొర ఒక్కొక్కటీ వేస్తూ పోతే, ఐదు పొరలకు రోడ్డు 20 సెంటీమీటర్లు లేస్తుంది. అరవై సెంటీమీటర్ల పిట్టగోడ నలభై అవుతుంది. లారీ చక్రాన్ని ఆపగలిగిన గోడ కాస్తా చక్రం ఎక్కేసే గట్టు అవుతుంది. కాలువ వైపు అంచు మెట్టులా తయారై, ఎదురు బండికి దారిచ్చి పక్కకు దిగిన బస్సు టైరు ఆ మెట్టు కింద ఇరుక్కుంటుంది. దయచేసి ఘాట్‌లో ఏ పొర వేసినా, ముందు పాతది గీకి వేయండి. హెయిర్‌పిన్ మలుపుల్లో అసలు తారే వద్దు. లోడు బండి మెల్లగా తిరిగేటప్పుడు వెనక జంట ఇరుసుల టైర్లు దొర్లవు, పక్కకు రాచుకుంటాయి. ఎండకు మెత్తబడ్డ తారు ఆ రాపిడికి ముడతలు పడి, ముడతల్లో నీళ్ళు నిలిచి, గోతులవుతాయి. మలుపు అంతా సిమెంటు కాంక్రీటు వేస్తే ఖర్చు ఒక్కసారే.

ఆ మలుపుల కొలతలు, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. లోపలి వ్యాసార్ధం 14 మీటర్లకు తగ్గకూడదు, మలుపు లోపల ఎక్కుడు 40కి 1 మించకూడదు, జాతీయ రహదారి అయితే మలుపు నడుమ వెడల్పు 11.5 మీటర్లు, ఒక మలుపు అయిపోయాక ఇంకోటి మొదలయ్యేలోపు 60 మీటర్లు ఉండాలి. ఏ మలుపు ఈ కొలతల్లో ఉంది, ఏది లేదు అన్నది వారం రోజుల సర్వే పని. ఆ జాబితా బయట పెట్టండి. పొడవాటి ట్రైలరు ఇరుకు మలుపులో రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ వేసుకుంటే ఘాట్ రెండు వైపులా ఆగిపోతుంది. కొండ మీద ఎక్కే బండికే దారివ్వాలన్నది నిబంధన. దాన్ని మలుపుకో బోర్డు మీద తెలుగులో, ఒడియాలో, హిందీలో రాయించండి. ఈ దారిలో వచ్చే డ్రైవర్లలో ఛత్తీస్‌గఢ్‌వాళ్ళు చాలామంది.

బ్రేకుల విషయం రోడ్డు ఇంజనీర్లకు సంబంధం లేదనుకుంటారు. ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, సాలూరు నూరు మీటర్లు దాటి కొంచెం. 40 టన్నుల లారీ ఆ 750 మీటర్లు దిగేసరికి వెయ్యి లీటర్ల నీళ్ళను మరిగించేంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గేరులో దిగితే ఇంజనూ ఎగ్జాస్ట్ బ్రేకూ అందులో పెద్ద వాటా తీసుకుంటాయి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే మొత్తం వేడి బ్రేకు డ్రమ్ముల్లోకి పోతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒత్తే బ్రేకు షూకు దూరమవుతుంది, లైనరు మెరుగెక్కి పట్టు వదులుతుంది, పెడల్ ఎంత తొక్కినా షూను బిగించే స్లాక్ అడ్జస్టరు చివరిదాకా తిరిగి ఆగిపోతుంది. మాటిమాటికీ తొక్కడంతో ట్యాంకులో బ్రేకును నడిపే గాలి కూడా అయిపోతుంది. డ్రైవరు చివరి క్షణంలో గేరు వేయబోతే, ఆ వేగానికి గేరు పడదు. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు అన్న పాత సూత్రం తెలియక కాదు, కిరాయి లెక్కల్లో డీజిలు మిగుల్చుకోవాల్సిన అవసరం వల్ల ఇలా చేసేవాళ్ళున్నారు. వాళ్ళనీ కాపాడాలి.

అందుకు రెండు పనులు. దిగుడు మొదలయ్యే చోట, సుంకి దగ్గర, లారీలు ఆగడానికి చదునైన జాగా, లైట్లు, నీళ్ళు, మరుగుదొడ్డి, ఒక బోర్డు. బోర్డు మీద ముందున్న దిగుడు ఎన్ని కిలోమీటర్లో, ఎంత వాలో, మలుపులు ఎన్నో రాసి ఉండాలి. కాసేపు ఆగితే గాలి నిండుతుంది, డ్రమ్ము చల్లబడుతుంది. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు కొట్టవద్దని కూడా రాయండి, పగులుతుంది. రెండోది, ఘాట్ కింది సగంలో కొండ వైపు జాగా ఉన్న చోట, బ్రేకు పోయిన బండి ఎక్కి ఆగడానికి ఎదురు వాలు గులకరాళ్ళ దారి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి 10 శాతం ఎదురు వాలున్న గులకరాళ్ళ మీద దాదాపు 72 మీటర్లలో, 100తో వస్తే 112 మీటర్లలో ఆగుతుంది. దీని మీద కొంత అదనం వేసుకుని కట్టాలి. రాళ్ళు గుండ్రటివి, ఒకే సైజువి కావాలి. క్రషరు కంకర పోస్తే కోణాలు ఒకదానితో ఒకటి పట్టుకుని గట్టిపడి, చక్రం కూరుకోదు. లోతు మీటరు దాకా ఉండాలి, కానీ మొదట్లో 7–8 సెంటీమీటర్లతో మొదలై 30 నుంచి 60 మీటర్లలో పూర్తి లోతుకు చేరాలి. అడుగున నీరు పోయే పైపు ఉండాలి. మట్టి చేరితే రాళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి వానాకాలం అయ్యాక ఒకసారి, ఎవరైనా వాడుకున్న ప్రతిసారీ, తిరగదోడాలి. పక్కనే బండిని బయటికి లాగడానికి క్రేను నిలిచే దారి కూడా ఉండాలి. అది లేకపోతే ఒక బండి ఎక్కాక రెండోదానికి దారుండదు.

చెడిపోయిన లారీల గురించీ చెప్పాలి. ఎక్కుడులో యాక్సిల్ విరిగితే క్లీనరు దిగి టైర్ల కింద బండరాళ్ళు పెడతాడు. బండి బాగయ్యాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. రాత్రి వచ్చే మోటారు సైకిలువాడికి ఆ రాయే మృత్యువు. గస్తీ బండి రోజుకు రెండుసార్లు తిరిగి ఆ రాళ్ళు తీయించాలి. 200 మీటర్లకో రాయికి రంగు వేసి నంబరు రాస్తే, ఫోనులో “ఫలానా రాయి దగ్గర” అని చెప్పడానికి వీలవుతుంది. ఘాట్ కింద ఒక క్రేను ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లారీ పనివాళ్ళకు సాలూరులో కరువు లేదు, పిలిస్తే వస్తారు.

బరువుల లెక్క కూడా మారింది. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద బరువు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచింది. రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంలో (బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు) పెరుగుతుంది కాబట్టి, చట్టప్రకారం నడిచే బండే ఇప్పుడు రోడ్డును 1.6 రెట్లు నలుపుతోంది. ఓవర్‌లోడు సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత లెక్కతో వేసిన పొరల మందం ఈ ఘాట్‌లో సరిపోతుందో లేదో మళ్ళీ చూడండి.

కొత్త రోడ్డు పని గురించి చివరిగా ఒక జాగ్రత్త. ఒక్కో సొరంగపు గొట్టం అడ్డుకోత నూరు చదరపు మీటర్లే అనుకున్నా, జంట గొట్టాలకు మీటరు తవ్వితే 200 ఘనమీటర్ల రాయి. తవ్వాక అది ఉబ్బి 300 అవుతుంది, మీటరుకు ఇరవై టిప్పర్లు. ఆ రాయి, మట్టి గెడ్డల ఒడ్డున పోస్తే మొదటి తుపానుకు కొట్టుకొచ్చి వేగావతిలోకి, చెరువుల్లోకి చేరుతుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2021 గులాబ్ అన్నీ ఉత్తరాంధ్ర మీదికి వచ్చినవే. పోసే చోట్లను ముందే గుర్తించి, అడుగున వైరు బుట్టల గోడ కట్టి, మెట్లుగా సర్ది, పైన వట్టివేరు వరసలు నాటాలి. వరసకూ వరసకూ నిలువున మీటరు, మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు. జూన్ రెండో వారంలో నాటితే నీళ్ళు పోయనక్కర్లేదు. ఆ పనివ్వడానికి ఏజెన్సీ గ్రామాల్లో మహిళా సంఘాలు ఉన్నాయి.

అధికారులు రాతపూర్వకంగా ఇవ్వాల్సినవి ఇవీ: కొత్త రోడ్డు తెరిచాక కూడా 26వ నంబరు ఘాట్ భాగం జాతీయ రహదారిగానే ఉంటుందా, ఉంటే ఏటా నిర్వహణకు కేటాయించేది ఎంత, అందులో కాలువలకూ కల్వర్టులకూ గోడలకూ విడిగా ఎంత. ఏ కారణంతోనైనా రాష్ట్రానికి అప్పగించాలనుకుంటే, పైన చెప్పిన మరమ్మతులన్నీ పూర్తిచేశాకే అప్పగించాలి. ఘాట్‌లోని ప్రతి కల్వర్టుకూ ఒక నంబరు వేసి, సైజు, చివరిసారి శుభ్రం చేసిన తేదీ దాని పిట్టగోడ మీదే పెయింటుతో రాయించండి. దారిన పోయేవాళ్ళెవరైనా చదువుకుంటారు. కాలువలు తీసే పని మే 31 లోపల ముగియాలి. పూర్వం మైలుకో గ్యాంగు ఉండి ఏడాది పొడవునా పార పట్టుకుని తిరిగేది. ఇప్పుడు మళ్ళీ ఘాట్ వరకైనా, దారి పక్క ఊళ్ళ నుంచే, ఒక్కో మూడు కిలోమీటర్లకు నలుగురు మనుషుల గ్యాంగును నిలబెట్టండి. నడిరాత్రి వానలో కల్వర్టు నోటికి అడ్డంపడ్డ కొమ్మను లాగేది వాళ్ళే, యంత్రం తెల్లారాక గాని రాదు.

ఉమ్మడి తనిఖీ తేదీ ప్రకటిస్తే మేమూ వస్తాం. ఏ మలుపు దగ్గర నీళ్ళు ఎటు పొర్లుతాయో, ఏ గోడ ఎక్కడ ఉబ్బిందో చూపిస్తాం.

ఇట్లు,
సాలూరు, విజయనగరం నుంచి
ఘాట్ రోడ్డు డ్రైవర్లు, లారీ మెకానిక్‌లు, రిటైరైన రోడ్డు మేస్త్రీలు, ఇంజనీర్లు